బయోలాజిక్ ఇంజెక్షన్ మీద ఒళ్లు తిరగబడకుండా ఏం చేయాలి?

“మొదటి ఆరు నెలలు మంత్రం వేసినట్టు పనిచేసిందండీ. ఇప్పుడు ఇంజెక్షన్ వేసుకున్న పది రోజులకే మళ్లీ పిడికిలి బిగుసుకోవడం లేదు. ఒళ్లు మందుకు అలవాటు పడిపోయిందా?” మందుల కౌంటర్ దగ్గర ఈ ప్రశ్న నాకు వారానికి ఒక్కసారైనా ఎదురవుతుంది. ఇంకో ప్రశ్న దీనికి తోబుట్టువు: “ఇప్పుడు నొప్పులేమీ లేవు కదా, ఒకటి రెండు డోసులు ఆపితే ఏమవుతుంది?” ఈ రెండో ప్రశ్న వేసినవారే ఏడాది తిరగకుండా మొదటి ప్రశ్నతో రావడం చాలాసార్లు చూశాను. అందుకే రెండింటికీ కలిపి ఒకేచోట జవాబు రాస్తున్నాను.

కీళ్లవాతానికి, వెన్ను బిగుసుకుపోయే స్పాండిలైటిస్‌కు, సోరియాసిస్‌కు, పేగులకు వచ్చే క్రోన్స్ వ్యాధికి ఇచ్చే అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, ఎటానర్‌సెప్ట్ లాంటి బయోలాజిక్ మందులు వాడేవారి కోసం ఇది. మందు మార్చడం, ఆపడం, మోతాదు పెంచడం డాక్టర్ పని. ఇంట్లో మీ చేతిలో ఉన్నదేమిటో, డాక్టర్‌ను ఏం అడగాలో మాత్రమే ఇక్కడ చెబుతున్నాను.

ముందు రెండు ముక్కలు

ఒళ్లు ఈ మందులకు అలవాటు పడదు, ఎదురు తిరుగుతుంది. ఇవి జీవకణాల్లో పెంచి తీసిన పెద్ద ప్రొటీన్లు. పరాయి ప్రొటీన్ కనిపిస్తే దాన్ని పట్టుకునే యాంటీబాడీలు తయారుచేయడం మన రోగనిరోధక వ్యవస్థ పుట్టుకతో నేర్చిన విద్య. ఆ యాంటీబాడీలు మందును చుట్టుకుంటే మందు తన పని చేయలేదు, ఒంట్లోంచి తొందరగా వెళ్లిపోతుంది కూడా.

1998లో వచ్చిన ఇన్‌ఫ్లిక్సిమాబ్‌లో నాలుగో వంతు చిట్టెలుక ప్రొటీనే కాబట్టి ఒళ్లు తిరగబడటంలో వింత లేదు. 2002 చివరి రోజున అమెరికాలో అనుమతి పొందిన అడాలిముమాబ్ పూర్తిగా మానవ ప్రొటీనే. అయినా నెదర్లాండ్స్‌లో 272 మంది కీళ్లవాత రోగులను మూడేళ్లు గమనిస్తే 28 శాతం మందిలో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు కనిపించాయి. వారిలో మూడింట రెండొంతుల మందికి అవి మొదటి 28 వారాల్లోనే పుట్టాయి. 2011లో వెలువడిన ఈ లెక్కలో నాకు ముఖ్యమనిపించేది ఈ చివరి అంకె. గండంలో ఎక్కువ భాగం మొదటి ఆరేడు నెలల్లోనే ఉంది. సరిగ్గా ఆ నెలల్లోనే నొప్పి తగ్గిన ఆనందంలో మనం డోసులు దాటవేస్తాం.

అన్నట్టు, వంకాయ తిన్నందువల్లే ఇంజెక్షన్ పనిచేయడం మానేసిందని నాతో వాదించినవారు ఉన్నారు. ఈ కేసులో వంకాయ నిర్దోషి.

కావలసినవి

- గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుంచుకునే చిన్న డిజిటల్ థర్మామీటర్, ఫ్రిజ్‌లో పెట్టడానికి
- మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా
- ప్రయాణానికి చల్లదనం నిలిపే సంచీ, రెండు ఐస్ ప్యాకులు, ఒక పలచని తువాలు
- వాడిన సూదులు వేయడానికి గట్టి డబ్బా
- ఒక నోటుపుస్తకం. తేదీ, మందు పేరు, బ్యాచ్ నంబరు, పొడిచిన చోటు, ఆ వారం ఎలా ఉందో రాయడానికి. ఫోనులో రాసుకున్నా సరే, కానీ డాక్టర్ ముందు పుస్తకం తెరవడమే తేలిక.

1. మొదటి ఇంజెక్షన్‌కు ముందే అన్నీ చెప్పేయండి

ఇదివరకు ఏదైనా బయోలాజిక్ వాడి ఆపారా? ఎప్పుడు, ఎందుకు ఆపారు? అడగకపోయినా చెప్పండి. ముఖ్యంగా ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను చాలాకాలం ఆపి మళ్లీ ఎక్కించినప్పుడు తీవ్రమైన ప్రతిచర్యలు వచ్చే అవకాశం ఎక్కువ. పాత ఆస్పత్రి కాగితాలు పోయినా, “నాలుగేళ్ల కింద సెలైన్‌తో పాటు ఎక్కించారు, రెండోసారికి ఆయాసం వచ్చింది” అన్న ఒక్క వాక్యం చాలు, డాక్టర్ దారి మార్చుకుంటారు.

బీడీ, సిగరెట్ అలవాటుంటే దాచవద్దు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడే క్రోన్స్ రోగులలో పొగతాగే వారికి యాంటీబాడీలు ఎక్కువగా వస్తున్నట్టు బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం చూపింది. బరువు ఎక్కువ ఉన్నవారి రక్తంలో మందు పలచబడుతుంది, పలచబడిన మందు యాంటీబాడీలకు తోవ ఇస్తుంది. అందుకే బరువు కూడా లెక్కలోకి వస్తుంది.

క్షయ, హెపటైటిస్ బి పరీక్షలు ఎలాగూ చేస్తారు. వీటిని తప్పించుకోవాలని చూడవద్దు. దాగి ఉన్న క్షయ మూడో నెలలో బయటపడితే ఇంజెక్షన్ అర్ధంతరంగా ఆపాల్సి వస్తుంది. ఆ గండం నెలల్లో అలా ఆగడమే మనకు వద్దు.

ఇక డబ్బు సంగతి. మొదటి ఆరు నెలలకు సరిపడా డబ్బో, బీమా అనుమతో చేతిలో ఉందా? లేకపోతే ఆ మాట మొదటి రోజే చెప్పండి. రెండు నెలలు వేసి, మూడు నెలలు ఆపి, అప్పు పుట్టాక మళ్లీ వేయడం కంటే, ఇంకో మందుతో మొదలుపెట్టి నిలకడగా వాడటమే చాలామందికి మేలు. సిగ్గుపడి ఊరుకున్నవారే ఎక్కువ నష్టపోయారు.

2. తోడు మాత్ర గురించి అడగండి, దాన్ని సొంతంగా మానవద్దు

అడాలిముమాబ్ పెట్టెలోని సమాచార పత్రంలోనే ఈ లెక్క ఉంటుంది: కీళ్లవాతంలో ఇంజెక్షన్ ఒక్కటే వాడినవారిలో 12 శాతం మందికి, రోగనిరోధక వ్యవస్థ దూకుడు తగ్గించే తోడు మాత్ర మెథోట్రెక్సేట్ కలిపి వాడినవారిలో 1 శాతం మందికి యాంటీబాడీలు కనిపించాయి. పైన చెప్పిన 28కి, ఈ 12కి పొంతన లేదేమిటి అంటారా? పరీక్ష పద్ధతి మారితే అంకె మారుతుంది. కాబట్టి ఒక అధ్యయనం అంకెను ఇంకో అధ్యయనం పక్కన పెట్టి పోల్చవద్దు. ఒకే అధ్యయనంలో రెండు గుంపుల మధ్య తేడా చూడండి. క్రోన్స్ వ్యాధిలో 2010 నాటి సోనిక్ అధ్యయనంలోనూ అదే తీరు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక్కటే తీసుకున్నవారిలో 14.6 శాతం, అలాంటిదే ఇంకో తోడు మాత్ర అజాథయోప్రిన్ కలిపి తీసుకున్నవారిలో 0.9 శాతం.

మెథోట్రెక్సేట్ మోతాదు పెద్దగా ఉండాల్సిన పని కూడా లేదు. అడాలిముమాబ్‌తో పాటు వారానికి 2.5, 5, 10, 20 మిల్లీగ్రాములు ఇచ్చి పోల్చినప్పుడు 10 దాకా మేలు పెరుగుతూ వచ్చింది, 10కి, 20కి మధ్య పెద్ద తేడా కనిపించలేదు. కడుపులో తిప్పుతోందని పూర్తిగా మానేసేవారు ఈ మాట గుర్తుపెట్టుకుని డాక్టర్‌తో మోతాదు తగ్గించే విషయం మాట్లాడండి. రాత్రి భోజనం తర్వాత వేసుకోవడం, మాత్రకు బదులు ఇంజెక్షన్ రూపంలో తీసుకోవడం కూడా దారులే.

ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే. “ఖరీదైన ఇంజెక్షన్ వేసుకుంటున్నాం, ఇక ఈ చవక మాత్ర ఎందుకు?” అని దాన్ని పక్కన పెడతారు. ఆ చవక మాత్రే ఖరీదైన ఇంజెక్షన్‌కు కాపలా.

హెచ్చరిక: మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద “వారానికి ఒకసారి” అని ఉంటే సరిపోదు, వారంలో ఏ రోజో కూడా రాయించుకోండి. ఆదివారం అనుకుంటే మాత్రల పట్టీ మీదే స్కెచ్ పెన్నుతో “ఆదివారం” అని రాయండి. ఫోలిక్ యాసిడ్ వేరే రోజుకు రాస్తారు, రెండూ ఒకేలా కనిపించే చిన్న పసుపు మాత్రలైతే వేర్వేరు డబ్బాల్లో పెట్టండి. కాలేయం, రక్తకణాల పరీక్షలు డాక్టర్ చెప్పిన గడువుకు చేయించాలి. మద్యం వద్దు. గర్భం ధరించే ఆలోచన ఉన్న స్త్రీలు ఈ మందు వాడకూడదు, నెలల ముందే డాక్టర్‌కు చెప్పాలి. జ్వరానికో, మూత్రంలో మంటకో వేరే డాక్టర్ దగ్గరికి వెళితే మెథోట్రెక్సేట్ వాడుతున్నామని చెప్పండి. ట్రైమెథోప్రిమ్ ఉన్న యాంటీబయాటిక్ దీంతో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

తోడు మాత్ర ఏదీ పడనివారికి ప్రత్యామ్నాయం ఉందా? కీళ్ల జబ్బులలో ఎటానర్‌సెప్ట్ గురించి అడగవచ్చు. దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టినా అవి మందు పనిని అడ్డుకునే రకం కావు. కానీ క్రోన్స్ వ్యాధిలో అది పనిచేయదు.

3. కౌంటర్ దగ్గర

మందు ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్తున్నారా, బల్ల మీద నుంచి ఇస్తున్నారా చూడండి. గడువు తేదీ, సీలు, బ్యాచ్ నంబరు చూసి, నంబరు అక్కడే రాసుకోండి. కొరియర్‌లో తెప్పించుకుంటే పెట్టె వచ్చిన నిమిషంలోనే విప్పండి. ఐస్ ప్యాకులు నీళ్లలా కరిగి గోరువెచ్చగా ఉన్నా, మందు పెట్టె గడ్డకట్టిన ప్యాకుకు నేరుగా ఆనుకుని ఉన్నా ఫొటో తీసి, అమ్మినవారికి ఫోను చేయండి. మార్చి ఇమ్మని అడగడం మీ హక్కు.

మన దేశంలో తయారయ్యే బయోసిమిలర్లు (అసలు మందును పోలి ఉండేలా వేరే కంపెనీలు చేసేవి) వాడవచ్చా అని అడుగుతారు. వాడవచ్చు. ఈ నెల ఒక కంపెనీది, వచ్చే నెల ఇంకో కంపెనీది అని ధరను బట్టి మార్చుకుంటూ పోతే మాత్రం, ఏదైనా తేడా వచ్చినప్పుడు ఏ మందు వల్ల వచ్చిందో తేల్చడం కష్టం. మారిస్తే డాక్టర్‌కు తెలియాలి, పుస్తకంలో ఉండాలి.

4. ఇంటి ఫ్రిజ్: వేడి కంటే గడ్డకట్టడమే ఎక్కువ

ఒకావిడ తన ఇంజెక్షన్ పెన్ (మందు నింపి వచ్చే, పెన్ను ఆకారపు సిరంజి) ఉన్న అట్టపెట్టెను నా ముందు పెట్టి, “ఇది వేసుకోవచ్చా?” అన్నారు. పెట్టె వెనుక మూల ఉబ్బింది. అట్ట మీద నీరు ఇంకి ఆరిన గోధుమరంగు గీత. పెన్ కిటికీలోంచి చూస్తే మందు తేటగా, కొత్తదానిలాగే ఉంది. ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టారని అడిగాను. “బాగా చల్లగా ఉండాలని పైన, ఫ్రీజర్ కిందనే, వెనక్కి తోసి పెట్టాను.” సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఆ చోట గోడకు పలుచని మంచు పొర పడుతుంది. పెట్టె దానికి అతుక్కుని, డీఫ్రాస్ట్ చేసినప్పుడు ఊడివచ్చింది. మందు గడ్డకట్టి కరిగిందో లేదో కంటికి తెలియదు. ఆ పెన్ వాడవద్దని చెప్పడం తప్ప నాకు వేరే దారి లేకపోయింది. ఆవిడ చాలాసేపు పెట్టెను చేతిలో తిప్పుతూ నిలబడ్డారు.

ఆవిడ ఒక్కరే కాదు. నెదర్లాండ్స్‌లో 255 మంది రోగుల మందు పెట్టెల్లో ఉష్ణోగ్రత కొలిచే పరికరం పెట్టి పంపితే, పూర్తిగా చెప్పిన హద్దుల్లో నిల్వ చేసినవారు 6.7 శాతమే. 25 డిగ్రీలు దాటి రెండు గంటలకు పైగా ఉంచినవారు 2 శాతం. సున్నా డిగ్రీల కంటే కిందికి పోయి రెండు గంటలకు పైగా ఉన్నవి 24.3 శాతం! రెంటచింతల, రామగుండం వేసవిలో మనకు ఆ 2 శాతం అంకె పెరుగుతుందనుకోండి. అయినా ఫ్రీజర్ పక్క చోటు ఎక్కడైనా ఒకటే.

గడ్డకట్టడం, వేడెక్కడం, కుదుపు వల్ల ప్రొటీన్ అణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి. ఒకే ఆకారం వరసగా పేర్చినట్టు ఉండేది వైరస్ పైపొర. ముద్ద కట్టిన ప్రొటీన్ కూడా రోగనిరోధక వ్యవస్థ కంటికి అలాగే కనిపించవచ్చు. ఒక్క పెన్ గడ్డకడితే యాంటీబాడీలు పుట్టి తీరతాయని కాదు, కానీ తెలిసి తెలిసి ఆ పరీక్ష మన ఒంటి మీద చేయడమెందుకు? మందు రూపంలో చిన్న మార్పు ఎంత పని చేయగలదో ఎర్రకణాల తయారీని పెంచే ఎరిత్రోపోయిటిన్ మందు చూపించింది. 1998లో యూరప్‌లో ఒక రకం ఎరిత్రోపోయిటిన్‌లో నిలకడ కోసం కలిపే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తీసి పాలిసార్బేట్ 80 అనే రసాయనం వేశారు. ఆ తర్వాత చర్మం కింద తీసుకున్న కిడ్నీ రోగుల్లో కొందరికి యాంటీబాడీలు పుట్టి, అవి ఒంట్లో సహజంగా తయారయ్యే ఎరిత్రోపోయిటిన్‌ను కూడా అడ్డుకుని, ఎర్రకణాల తయారీయే నిలిచిపోయింది. చర్మం కింద ఇవ్వడం ఆపి, నిల్వ కట్టుదిట్టం చేశాక కేసులు తగ్గాయి.

చేయవలసింది ఇంతే:

- మధ్య అరలో, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, గోడకు నాలుగు వేళ్ల దూరంలో పెట్టండి. తలుపు అరలో వద్దు, అది తెరిచినప్పుడల్లా వేడెక్కుతుంది.
- థర్మామీటర్‌ను ఆ డబ్బాలోనే ఉంచండి. కొత్తగా పెట్టినప్పుడు మూడు రోజులు చూడండి. కనిష్ఠం 2, గరిష్ఠం 8 డిగ్రీల మధ్య ఉంటే చోటు సరైనది. కనిష్ఠం 1కి పడితే ఫ్రిజ్ మీట తగ్గించండి లేదా ఒక అర కిందికి దించండి. ఈ మూడు రోజుల పరీక్ష మందు కొనకముందే చేస్తే ఇంకా మంచిది.
- మందును దాని అట్టపెట్టెలోనే ఉంచండి, వెలుతురు తగలకూడదు.
- కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకండి. వచ్చాక గరిష్ఠ అంకె చూసి రాసుకోండి.
- డీఫ్రాస్ట్ చేసే రోజు మందును ముందే బయటి చల్లని సంచీలోకి మార్చండి.

గడ్డకట్టిన మందు కరిగినా వాడకూడదు. బయట ఎంతసేపు ఉండవచ్చన్నది కంపెనీని బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది. అసలు అడాలిముమాబ్‌కు అమెరికా పత్రం 25 డిగ్రీలు దాటకుండా 14 రోజుల వరకు అనుమతిస్తుంది. మీ పెట్టెలోని కాగితం ఏమంటే అదే మీకు వర్తిస్తుంది. ఒకసారి బయట పెడితే ఆ తేదీ పెట్టె మీద రాయండి. ఏప్రిల్, మే నెలల్లో మన గది ఉష్ణోగ్రత 25 కాదన్నది మరవకండి.

5. ప్రయాణంలో

సంక్రాంతికి ఊరెళ్లి, “వచ్చాక వేసుకుంటాను” అనుకునేవారు చాలామంది. తీసుకెళ్లండి. ఐస్ ప్యాకును తువాలులో చుట్టి సంచీ అడుగున పెట్టి, దానిపైన మందు డబ్బా. ప్యాకు మందుకు నేరుగా తగలకూడదు. స్కూటర్ డిక్కీలో, ఎండలో నిలిపిన కారులో ఒక్క అరగంట కూడా వద్దు. విమానంలో అయితే చేతి సంచీలోనే, డాక్టర్ చీటీతో సహా. సామాను కింద వేస్తే గడ్డకట్టే ప్రమాదముంది. ఊళ్లో దిగగానే చుట్టాల ఫ్రిజ్‌లో మధ్య అర అడగండి. “పైన ఐస్‌లో పెడతాలే అమ్మా” అనే పెద్దమ్మకు వినయంగా అడ్డుపడండి.

6. ఇంజెక్షన్ రోజు

ఫ్రిజ్‌లోంచి తీసి, మూత తీయకుండా, కాగితంలో చెప్పినంతసేపు బల్ల మీద ఉంచండి. సాధారణంగా 15 నుంచి 30 నిమిషాలు. వేడినీళ్లలో ముంచడం, ఎండలో పెట్టడం, అరచేతుల మధ్య రుద్దడం వద్దు. ఎప్పుడూ కుదపవద్దు. చిన్న గాలి బుడగ కనబడితే దాన్ని పోగొట్టాలని సిరంజిని ఆడించేవారున్నారు. చర్మం కింద వేసే ఈ సిరంజిలో ఆ బుడగ హాని చేయదు, వదిలేయండి.

కిటికీలోంచి వెలుతురుకు పెట్టి చూడండి. అడాలిముమాబ్ తేటగా, రంగు లేకుండా లేదా లేత పసుపుగా ఉండాలి. మబ్బుగా ఉన్నా, పొరలు తేలుతున్నా ఆగండి. మిగతా మందులు ఎలా ఉండాలో వాటి కాగితంలో చూడండి.

తొడ ముందుభాగం లేదా బొడ్డుకు 5 సెంటీమీటర్ల అవతల పొట్ట. ప్రతిసారీ చోటు మార్చండి, పుస్తకంలో “కుడి తొడ” అని రాయండి. సోరియాసిస్ మచ్చ మీద, కమిలిన చోట వద్దు. వేసుకున్నాక రుద్దకండి.

పొడిచిన చోట ఎర్రబడి, దురద పుట్టి, మూడు నుంచి ఐదు రోజుల్లో తగ్గిపోతే అది యాంటీబాడీలు వచ్చిన గుర్తు కాదు. మొదటి నెలలో చాలామందికి వస్తుంది. దాన్ని చూసి భయపడి మానేయడం పెద్ద పొరపాటు. ఆగకూడనివి వేరే: ఊపిరి ఆడకపోవడం, ముఖం, పెదవులు వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరగడం. ఇవి వస్తే వెంటనే అత్యవసర చికిత్సకు వెళ్లండి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కించిన 3 నుంచి 12 రోజుల మధ్య జ్వరం, దద్దుర్లు, కీళ్ల నొప్పులు, దవడ నొప్పి కలిసి వచ్చినా అదే రోజు డాక్టర్‌కు చెప్పండి. వైరల్ జ్వరమనుకుని ఊరుకుంటే తర్వాతి డోసు ప్రమాదకరం కావచ్చు.

7. తేదీ తప్పవద్దు

ఈ వ్యాసంలో ఒక్క అంశమే చదవగలిగితే ఇది చదవండి. క్రోన్స్ రోగులలో ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను జబ్బు తిరగబెట్టినప్పుడు మాత్రమే ఇచ్చిన గుంపులో 30 శాతం మందికి యాంటీబాడీలు వచ్చాయి. కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల లెక్కన ఎనిమిది వారాలకోసారి క్రమంగా ఇచ్చినవారిలో 10 శాతం. మందు అదే, రోగం అదే. తేడా అంతా వ్యవధిలో ఉంది. మందు రక్తంలో నిలకడగా ఉంటే ఒళ్లు దాన్ని ఇంటి మనిషిలా చూస్తుంది. మాయమై ఎప్పుడో తిరిగివస్తే దొంగను చూసినట్టు చూస్తుంది.

రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు హీమోఫీలియా ఉన్నవారి అనుభవమూ ఇదే. రక్తం గడ్డకట్టడానికి వారికి ఇచ్చే ప్రొటీన్ ఫ్యాక్టర్ 8కు వ్యతిరేకంగా నిరోధకాలు (ఇవీ యాంటీబాడీలే) పుట్టినవారికి జర్మనీలోని బాన్ నగరంలో 1970లలో మొదలుపెట్టిన చికిత్స వినడానికి విడ్డూరంగా ఉంటుంది. ఒళ్లు వద్దంటున్న ఆ ఫ్యాక్టర్‌నే ఇంకా ఎక్కువగా, క్రమం తప్పకుండా, నెలల తరబడి ఇస్తారు. చివరికి చాలామంది ఒళ్లు దాన్ని ఒప్పుకుంటుంది. మీ ఇంట్లో హీమోఫీలియా బిడ్డ ఉంటే, మొదటి 50 రోజుల ఫ్యాక్టర్ వాడకంలోనే నిరోధకాల ముప్పు ఎక్కువ కాబట్టి వాటిని కొలిచే బెథెస్డా పరీక్ష ఎప్పుడెప్పుడు చేయించాలో అడిగి రాసుకోండి. ఫ్యాక్టర్ ఇచ్చినా రక్తం ఆగడం లేదంటే ఆ పరీక్ష కోసం గడువు చూడనక్కరలేదు.

ఆచరణలో:

- అడాలిముమాబ్ రెండు వారాలకోసారి అయితే ప్రతిసారీ ఒకే రోజు, ఆదివారమో మంగళవారమో, పెట్టుకోండి. క్యాలెండర్‌లో ఆరు నెలల తేదీలు ఇప్పుడే చుట్టండి. చేతిలో ఉన్న పెన్ వాడిన రోజే తర్వాతి పెన్ తెప్పించండి.
- ఒక రోజు మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, తర్వాతిది మామూలు తేదీకే వేసుకోండి. రెండూ కలిపి ఒకేసారి వద్దు. వారం దాటితే డాక్టర్‌ను అడిగి వేసుకోండి.
- జ్వరం, చీము, దగ్గు, మూత్రంలో మంట ఉంటే మాత్రం ఇంజెక్షన్ వేసుకోకముందే ఫోను చేయండి. ఇక్కడ ఆపడమే సరైనది కావచ్చు, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో కూడా అప్పుడే అడగండి. ఆపరేషన్‌కు ముందు కూడా అంతే. బతికి ఉన్న సూక్ష్మజీవులతో చేసే టీకాలు ఈ మందుల మీద ఉండగా వేయించుకోకూడదు.
- జబ్బు చాలాకాలం అదుపులో ఉంటే డోసుల మధ్య దూరం పెంచే పద్ధతి ఉంది. అది డాక్టర్ పరీక్షలు చూసి వేసే ప్రణాళిక. శుభకార్యాల సీజన్‌ను బట్టి మనం వేసేది కాదు.

8. పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

పుస్తకంలో రోజూ రెండే అంకెలు రాయండి: పొద్దున కీళ్ల బిగువు ఎన్ని నిమిషాలు ఉంది, నొప్పి పదికి ఎంత. మూడు నెలలు రాశాక ఆకారం కనిపిస్తుంది. డోసుకు ముందు మూడు నాలుగు రోజుల్లోనే అంకెలు పెరిగి, వేసుకున్నాక తగ్గుతుంటే మందు తొందరగా అయిపోతోందన్న అనుమానం. మొదట నాలుగు రోజులు, తర్వాత వారం, తర్వాత పది రోజులుగా ఆ చెడ్డ కాలం పెరుగుతూ ఉంటే అనుమానం బలపడుతుంది. మొదటి నుంచీ ఏ మార్పూ లేకపోతే కథ వేరు. సీఆర్‌పీ లాంటి, ఒంట్లో వాపు ఎంత ఉందో చెప్పే రక్త పరీక్షల ఫలితాలు కూడా అదే పేజీలో అతికించండి.

అనుమానం వస్తే మందు మార్చే ముందు రెండు పరీక్షలు కలిపి సాధ్యమా అని అడగండి: రక్తంలో మందు ఎంత ఉంది, మందుకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయా. అన్ని ల్యాబుల్లో దొరకవు, నమూనాను వేరే నగరానికి పంపవచ్చు. ఫలితాన్ని డాక్టర్లు చదివే తీరు స్థూలంగా ఇది.

మందు తక్కువ, యాంటీబాడీలు ఎక్కువ అయితే ఒళ్లు తిరగబడినట్టే. అదే తరగతిలో వేరే ప్రొటీన్‌కు మారితే పనిచేసే అవకాశం ఉంది. యాంటీబాడీలు కొద్దిగానే ఉంటే తోడు మాత్ర చేర్చి కొంతకాలం చూసే డాక్టర్లూ ఉన్నారు, కొన్నిసార్లు అవి వాటంతట అవే తగ్గుతాయి.

మందు తక్కువ, యాంటీబాడీలు లేవు అంటే మోతాదు చాలడం లేదు, లేదా డోసులు తప్పుతున్నాయి. ఇక్కడ డాక్టర్‌తో నిజం చెప్పండి. తప్పిన డోసులు దాస్తే మోతాదు అనవసరంగా రెట్టింపవుతుంది.

మందు సరిపడా ఉంది, అయినా జబ్బు తగ్గలేదు అంటే యాంటీబాడీలను నిందించి లాభం లేదు. ఆ జబ్బును నడిపించేది వేరే దారి, కాబట్టి వేరే తరగతి మందు కావాలి. సరిపడా అంటే ఎంత? పేగు జబ్బులలో అడాలిముమాబ్‌కు 7.5, ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కు 5 మైక్రోగ్రాములు మిల్లీలీటరుకు అని అమెరికా గ్యాస్ట్రో నిపుణుల సంఘం 2017లో సూచించింది. కీళ్లకు ఇదే గీత వర్తించదు.

ఫలితం తారుమారయ్యేది ఎక్కువగా రక్తం ఇచ్చే రోజు పొరపాటు వల్లే. ఇంజెక్షన్ వేసుకున్న రెండో రోజు ఇస్తే రక్తంలో మందు నిండుగా ఉంటుంది, చాలా పరీక్షలు మందు చాటున దాగిన యాంటీబాడీలను పట్టుకోలేవు, “లేవు” అని రాస్తాయి. అందుకే తర్వాతి డోసు వేసుకునే రోజు ఉదయం, వేసుకోకముందు ఇవ్వాలి. ల్యాబు చీటీ మీద మందు పేరు, ఆఖరి డోసు తేదీ, తర్వాతి డోసు తేదీ మీ చేత్తోనే రాయండి. మళ్లీ పరీక్ష చేయించాల్సి వస్తే అదే ల్యాబుకు వెళ్లండి. రక్తం ఇచ్చి ఇంటికొచ్చాక, ఫలితం వచ్చేదాకా ఆగకుండా, ఆ రోజు డోసు ఆ రోజే వేసుకోండి.